దిగుడులో ఎల్ గేరు

"ఆడవాళ్ళకి క్లచ్చూ గేర్లూ గొడవెందుకని దీని కోసమే ఆటోమేటిక్ కొన్నాను" అని మా ఆయన చెప్పని చుట్టం లేదు. కొని ఎనిమిది నెలలైంది. నా కోసం కొన్న ఆ కారులో నా పనల్లా సీట్లు తుడవడం, సామాను సర్దడం, ఆయన పక్కన కూర్చుని నీళ్ళ సీసా మూత తీసివ్వడం. కొండ మీది గుడికి బయల్దేరిన ఆ రోజూ అందరికీ టిఫిన్లు కట్టి, అత్తయ్యకు మందులిచ్చి, పాపకు జడ వేసి, చివరికి నేను కారెక్కాను. "ఎంతసేపే, తెమలవు" అన్నారాయన.

నేను పదకొండేళ్ళు స్కూలు వ్యాను నడిపాను. బడి కొండ మీద. ఇరవై మంది పిల్లలతో రోజూ ఆ దిగుడు రెండో గేరులోనే దిగేదాన్ని. ఇంజనే బండిని పట్టి ఉంచేది, బ్రేకు మీద కాలు ఊరికే ఆనిస్తే చాలు. ఆయనకు ప్రమోషన్ రాగానే "ఆఫీసరు పెళ్ళాం వ్యాను తోలుతోందంటే నా పరువేం కావాలి?" అన్నారు. మానేశాను. అందుకు ఈ రోజుకీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

దర్శనమయ్యాక కొండ దిగడం మొదలవగానే ఆయన గేరు న్యూట్రల్‌లో పడేశారు. అలా దిగితే పెట్రోలు మిగులుతుందట, పాత కారు నాటి అలవాటు. ఆటోమేటిక్‌ను మామూలుగా నడిపే డి లో ఉంచినా దిగుడులో తనంతట తానే పై గేరుకు పోయి జోరందుకుంటుంది. పట్టు కావాలంటే మనమే ఎల్ లో, అంటే కింది గేరులో వేయాలి. ఇక న్యూట్రల్ అంటే బండిని గాలికి వదిలేయడమే, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.

"ఏమండీ, ఎల్ లో వేయండి."

"నీ స్కూలు వ్యాను కాదిది. నోర్మూసుకుని కూర్చో."

"బండి నడిపే మనిషికి అడ్డు చెప్పకే అమ్మాయ్" అన్నారు వెనక సీట్లోంచి అత్తయ్య.

మూసుకున్నాను. నాకు బాగా అలవాటైన పనే అది. నాలుగో మలుపు దగ్గర కాలిన వాసన వచ్చింది. బ్రేకు మీద ఆయన కాలు లోపలికంటా దిగిపోవడం చూశాను. బండి మాత్రం నెమ్మదించలేదు. "పట్టట్లేదే" అన్నారు, నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో. ఎదురుగా మలుపు, దాని అవతల ఆకాశం తప్ప ఏమీ లేదు. వెనక పాప నిద్రపోతోంది.

చెయ్యి చాపి గేరును డి లోకి, అక్కణ్ణుంచి ఎల్ లోకి లాగాను. ఇంజను గొంతు చించుకుని అరిచింది, అందరం ముందుకు తూలాం. "కొండ వైపు తిప్పండి!" అని అరిచాను. ఆయన మీద అరవడం అదే మొదలు. తిప్పారు. హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ పోతే బండి కొండ పక్కన ఆగింది.

ఆయన దిగి తమ్ముడికి ఫోను చేశారు. "బ్రేకులు పోయాయిరా. ఎలాగో కంట్రోల్ చేశాను." నాకు ఒళ్ళు మండిపోయింది.

గంటసేపు బ్రేకులు చల్లారనిచ్చి, పెడల్ నొక్కి చూశాను. గట్టిపడింది. డ్రైవరు సీట్లో కూర్చుని సీటు ముందుకు జరుపుకున్నాను. ఆయన తలుపు దగ్గరికి వచ్చి "దిగు" అన్నారు.

"పాపనీ అత్తయ్యనీ కిందికి నేను తీసుకెళ్తాను. మీరూ వస్తానంటే ఎక్కండి."

ఆయన తల్లి వంక చూశారు. "ఎక్కరా. దాన్ని నడపనీ" అన్నారు అత్తయ్య.

ఆవిడ ఆ మాట అనకపోయినా నేను దిగేదాన్ని కాను.