వరస తప్పిన పావలా

నేను ఒక రూళ్లకర్రను. మూరెడు కన్నా కాస్త తక్కువ పొడుగు, గుండ్రటి ఒళ్లు, నల్లటి చేవ. జైల్లో ఒక ఖైదీ నన్ను చిత్రిక పట్టాడు. ఎవర్నో పొడిచి వచ్చినవాడట. అయినా నన్ను నునుపు చేస్తున్నంత సేపూ పసిబిడ్డకు నలుగు పెడుతున్నట్టే ఉన్నాడు. ఆ చేతుల్లోంచి కచేరీకి వచ్చాకే మనుషులు ఎంత కర్కశంగా ఉండగలరో నాకు తెలిసింది.

గోదావరి జిల్లాలో ఒక తాలూకా కచేరీ అది. మొదట నన్నొక ముసలి గుమాస్తాకు ఇచ్చారు. ఆయన నన్ను వీపు గోక్కోవడానికి తప్ప వాడలేదు. ఆయన పెన్షను పుచ్చుకున్నాక ఓరుగంటి లింగమూర్తి చేతికొచ్చాను. నెలకు పదిహేను రూపాయల ఫేరు కాపీ గుమాస్తా. అంటే పైవాళ్లు గిలికి పారేసిన చిత్తు కాగితాలను అందంగా తిరగరాసేవాడు. జిల్లా మొత్తంలో అలాంటి దస్తూరీ లేదని దొరలే మెచ్చుకున్నారు. మెచ్చుకున్నారు గానీ, జీతం మాత్రం పెంచలేదు.

కోటూ తలపాగా లేకుండా కచేరీ గడప తొక్కకూడదు. ఆ కోటుకు సర్కారు దమ్మిడీ ఇవ్వదు. కాగితం మీద సిరా మరక పడితే అణా జుల్మానా. పోనీ అప్పు చేద్దామంటే, అప్పులపాలైన నౌకరుకు నౌకరీ ఊడుతుందని రూలొకటి. తిండికి చాలని జీతం పడేసి, అప్పు చేయొద్దని కళ్లెర్రజేసే వాళ్లను ఏమనాలి? నోరు లేనిదాన్ని గనక ఊరుకున్నాను.

ముప్పై ఎనిమిదో ఏట లింగమూర్తికి చూపు మందగించింది. ఆ సంగతి కచేరీలో నాకొక్కదానికే తెలుసు. అదివరకు నన్ను గీతలు గీయడానికే పట్టుకునేవాడు. ఇప్పుడు చిత్తు కాగితంలో ఏ వరస చదవాలో ఆ వరస కింద నన్ను పెట్టుకుని, ముక్కు కాగితానికి ఆనించి, ఒక్కొక్క వరసే నన్ను కిందికి జరుపుకుంటూ రాసేవాడు. రాజమండ్రిలో కళ్లద్దాలు అయిదు రూపాయలన్నారు. భార్య పేరిందేవి ఇంట్లో పాలు మాన్పించింది. పది నెలలు మజ్జిగ మొహం చూడకుండా అయిదు రూపాయలు కూడబెట్టింది. అద్దాలొచ్చేలోపు గుమాస్తాలందరి మీదా పెత్తనం చేసే శిరస్తదారు కనిపెట్టాడంటే నౌకరీ దక్కదని మొగుడూ పెళ్లాలిద్దరికీ హడలే.

సరిగ్గా అప్పుడే కలెక్టరు దొరకు బదిలీ అయింది. దొర వెళుతుంటే సన్మానం చేయాలి, వెండి పళ్లెం ఇవ్వాలి, అందరూ సంతోషంగా చందాలు వేయాలి. ఎవరు ఎంత సంతోషించాలో శిరస్తదారు గుండోజీరావు పంతులే నిర్ణయించాడు. లింగమూర్తి వంతు సంతోషం అయిదు రూపాయలు. రెండిస్తానని బతిమాలితే, ఖాయం కావలసిన నౌకరీ చూసుకోమని నవ్వుతూనే అన్నాడట. పేరిందేవి ముడుపు విప్పి ఇచ్చింది. బంట్రోతు పైడయ్య ఏడ్చి ఏడ్చి పావలా ఇచ్చాడు. చందా పట్టీలో ఆ కిందనే తాసీల్దారు గారు తన పేరున ఇరవై అయిదు వేయించారు. ఆ ఇరవై అయిదూ కరణాల దగ్గర పిండినదని కచేరీలో కుర్చీలకు కూడా తెలుసు.

సన్మాన పత్రం పట్టుగుడ్డ మీద అచ్చు వేయించారు. అది ముడత పడకూడదని శిరస్తదారు నన్ను లింగమూర్తి బల్ల మీంచి లాక్కుపోయి, నా ఒంటికి చుట్టబెట్టాడు. రెండు రోజులు దొర గారి దయాగుణాన్ని ఒళ్లంతా కప్పుకుని పడి ఉన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ లింగమూర్తి నేను లేకుండానే చందా పట్టీ ఫేరు కాపీ రాశాడు. పేర్లన్నీ ముందు దించుకున్నాడు. అంకెల దగ్గర కన్ను ఒక వరస దాటింది. ఇరవై అయిదు పైడయ్యకు పడింది. మిగిలిన పావలా మిగిలిన పేరుకు వేశాడు. కూడిక సరిపోయింది గనక ఎవరూ సరిచూడలేదు.

సభలో దొర ఆ పట్టీ పైకి చదివాడు. పైడయ్యను వేదిక మీదికి పిలిచి చెయ్యి కలిపాడు. పావలా దగ్గరికొచ్చేసరికి తాసీల్దారు కేసి చూసి పకపకా నవ్వాడు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. అది ఎంత తప్పో తెల్లారాక తెలిసింది.

కావాలనే పరువు తీశావని తాసీల్దారు విరుచుకుపడ్డాడు. పరాకు పడ్డానని కాళ్లు పట్టుకుంటే అర నెల జీతం జుల్మానాతో పోయేదేమో. లింగమూర్తి నిలబడే మాట్లాడాడు.

“కావాలని కాదండి. నాకు వరస ఆనలేదండి. అద్దాలకని దాచిన అయిదు రూపాయలూ తమరి చందాలో పోసేశానండి.”

తాసీల్దారు చల్లబడి చిత్తు హుకుం రాశాడు. చూపు ఆనదు గనక ఫేరు కాపీలకు పనికిరాడు, తొలగించడమైనది. హుకుం కొత్తగా వచ్చే దొర గారి సంతకానికి పోవాలి, అందంగా ఉండాలి. అంత అందంగా రాసేవాడు కచేరీలో ఒక్కడే. వాళ్లకు సిగ్గు లేకపోయింది.

లింగమూర్తి కూర్చున్నాడు. సభ ముగిశాక మళ్లీ తన బల్ల మీదికి చేరిన నన్ను వరస కింద పెట్టుకున్నాడు. ఒక్కొక్క వరసే జరుపుకుంటూ రాశాడు. ఒక్క మరక లేదు, ఒక్క దిద్దుబాటు లేదు. శిరస్తదారు కాగితం ఎత్తి చూసి, రాత మాత్రం ముత్యాలయ్యా అన్నాడు. తనకొక నకలు కావాలని లింగమూర్తి అడిగాడు. దరఖాస్తు పెట్టి ఎనిమిది అణాలు కట్టమన్నాడు శిరస్తదారు. లింగమూర్తి జేబులో చెయ్యి పెట్టి, ఊరికే తీసేశాడు.

“రాసిన చెయ్యి నాదే గదండీ. గుర్తుంటుంది లెండి” అని వెళ్లిపోయాడు.

నన్ను మళ్లీ ఎవరూ అంత జాగ్రత్తగా పట్టుకోలేదు. ఇప్పుడు రికార్డు గదిలో కిటికీ తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు. ఇన్నేళ్లయినా నా కోపం తగ్గలేదు. కొత్త గుమాస్తా ఎవరు చేరినా శిరస్తదారు ఈ గదికి తీసుకొచ్చి, కట్టల్లోంచి ఆ హుకుమే తీసి చేతిలో పెడతాడు. ఫేరు కాపీ అంటే ఇలా ఉండాలి, చూసి నేర్చుకో అంటాడు. కుర్రాళ్లు అక్షరాల వంపులు చూస్తారు, గీతలు చూస్తారు. అందులో ఏం రాసి ఉందో ఇంతవరకూ ఒక్కడూ చదవలేదు.