కాపీ ఆయనకి వెళ్తుంది

“నీకు అర్థం కాదులే, టీ అక్కడ పెట్టి వెళ్ళు,” అన్నారు మా ఆయన, లాప్‌టాప్ మీంచి తల తిప్పకుండానే.

ఆ మాటలో విసుగేమీ లేదు. మా ఆయన విసుక్కునే మనిషి కాదు. వాన వస్తోంది, బట్టలు తియ్యి అన్నంత మామూలుగా అన్నారు. పక్కన మా మరిది కూర్చున్నాడు. రెండు వీధుల అవతల ఉంటాడు, సెలవు రోజు పొద్దున్నే వచ్చేస్తాడు. శనివారం వాళ్ళిద్దరికీ సెలవు, నాకు లేదు. ఏ ఆపరేటింగ్ సిస్టం మంచిదన్న వాదన నడుస్తోంది. అది వాళ్ళ మధ్య నాలుగేళ్ళుగా నడుస్తోంది. డబ్బు పెట్టి కొన్నదానికి ఒక దిక్కుంటుందంటారు మా ఆయన. ఉచితంగా దొరికేదానికి అసలు వైరస్సే రాదు అన్నయ్యా అంటాడు మా మరిది. యాంటీవైరస్ లేని కంప్యూటర్ తలుపుల్లేని ఇల్లని ఈయన, యాంటీవైరస్సే అన్నిటికన్నా పెద్ద వైరస్సని అతను. ఇద్దరి మాటా సగం తప్పే. ఆ సంగతి నాకు తెలుసు. యాంటీవైరస్ కంపెనీ సహాయ విభాగంలో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాను. రోజుకి నలభై కంప్యూటర్లు బాగు చేస్తాను. ఒకసారి మధ్యలో కల్పించుకుని అది అలా కాదన్నాను. “మా ఆవిడకి ఆఫీసులో రాసిచ్చింది చదవడం బాగా వచ్చురా, కంప్యూటర్ సంగతి వేరు,” అని తమ్ముడితో నవ్వుతూ చెప్పారు. నేనూ నవ్వాను. ఆ నవ్వెందుకు వచ్చిందో ఇప్పటికీ తెలీదు. ఆన్‌లైన్‌లో ఏం కొన్నా నాకో మాట చెప్పి కొను, మోసపోతావు అంటారు. ఆయన హార్డ్ డిస్కు తెప్పించుకుంటే డబ్బాలో టైలు ముక్క వచ్చింది. అది కొరియర్ వాడి దుర్మార్గం. నాకు చెప్పులు ఒక సైజు చిన్నవొస్తే మాత్రం, అది నా తెలివి.

కప్పులు కడిగి, మధ్యాహ్నానికి వాళ్ళకి వండింది మూతలు పెట్టి, గిన్నెల్లో ఏది దేనిదో చెప్పి బయల్దేరాను. చెప్పకపోతే ఫోన్ చేస్తారు.

మా ఆఫీసు మూడో అంతస్తులో ఒక పొడుగాటి గది. కిటికీలున్నాయి కానీ తెరవరు. పదకొండు మందిమి ఆడవాళ్ళం, మా టీం లీడర్ ఒక్కడే మగవాడు, నాకన్నా పదేళ్ళు చిన్న. కస్టమర్లకి కనబడే తెర మీద మాత్రం మేం పదకొండు మందీ మగవాళ్ళమే. కంప్యూటర్ గురించి ఆడపేరుతో చెప్తే జనం నమ్మట్లేదని, రెండో మనిషిని పిలవమంటున్నారని, కంపెనీ వాళ్ళే మాకు తలా ఒక మగపేరు తగిలించారు. నాకొచ్చింది మా పెదనాన్నగారి పేరు. మొదటి నెలంతా తెర మీద ఆ పేరు చూసినప్పుడల్లా లేచి నిలబడాలనిపించేది. తర్వాత అలవాటైపోయింది. ఆ పేరుతో నేను చెప్పిన మాటకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

ఆ రోజు పదకొండు గంటలప్పుడు ఒక చాట్ వచ్చింది.

“సార్, మీ యాంటీవైరస్‌లో స్క్రీన్ ఫోటోలు తీసేది ఏమైనా ఉంటుందా?”

ఎవరికైనా రాసేదే రాశాను. సమస్య ఏమిటో వివరంగా చెప్పగలరా అని. కాసేపటిదాకా అవతల ఏదో టైపు చేస్తున్నట్టు, చెరిపేస్తున్నట్టు చుక్కలు ఆడాయి. తర్వాత ఒక్కసారిగా అంతా వచ్చింది. ఆమె ఒక స్కూల్లో గుమాస్తా. ఇది స్కూలు కంప్యూటర్ నుంచి రాస్తోంది. ఇంట్లో లాప్‌టాప్‌లో కనబడే మా యాంటీవైరస్ నంబరు అరచేతి మీద రాసుకుని వచ్చింది. పోయిన వారం ఆన్‌లైన్‌లో బూట్లు చూసింది. కొనలేదు, ఎవరికీ చెప్పలేదు. రాత్రి భోజనాల దగ్గర భర్త, “ఆ ఎరుపు నీకు నప్పదు,” అన్నాడట. అంతకు ముందు వేరే ఊళ్ళో ఉద్యోగాల కోసం వెతికింది. మర్నాడే లాప్‌టాప్ ఛార్జర్ కనబడలేదు, రెండ్రోజుల తర్వాత దొరికింది. “నేనే పిచ్చిగా అనుకుంటున్నానేమో సార్. ఆయన మంచివారే. ఒక్క మాట చెప్పండి చాలు, ఉందా లేదా.”

ఆమె పంపిన నంబరు కొట్టి చూశాను. ఖాతా ఆయన పేరు మీదుంది. కుటుంబ రక్షణ అనే భాగం నడుస్తోంది. పిల్లలు ఏం చూస్తున్నారో తల్లిదండ్రులకి తెలియడానికని అమ్మేది అది. ఆ ఇంట్లో పిల్లలు లేరు. ఐదు నిమిషాలకోసారి ఆమె తెర ఫోటో ఆయన ఫోన్‌కి వెళ్తోంది. పద్నాలుగు నెలలుగా.

మా రూలు ఒకటే. ఖాతా ఎవరిదో వాళ్ళకి తప్ప వివరాలు చెప్పకూడదు. దానికొక వాక్యం సిద్ధంగా ఉంటుంది, ఒక్క మీట నొక్కితే చాలు. నొక్కాను. ‘దయచేసి ఖాతాదారుని సంప్రదించండి’ అని వెళ్ళింది. వెళ్ళాక చదువుకున్నాను. ఎవరి భయంతో మా దగ్గరికి వచ్చిందో ఆయన్నే వెళ్ళి అడగమని, మా పెదనాన్నగారి పేరుతో చెప్పాను.

“సరే సార్,” అని వచ్చింది. అంతే. చుక్కలు కూడా లేవు.

ఆమె వెళ్ళిపోతుందని భయమేసింది. నా చేతులు నాకన్నా ముందే కదిలాయి. “ఉంది. ఐదు నిమిషాలకోసారి తీస్తుంది. ఇప్పుడే తీసెయ్యొద్దు, తీస్తే ఆయనకి తెలుస్తుంది. మామూలుగా వాడుతున్నట్టే వాడండి. మీకు సంబంధించినవి మాత్రం ఆ లాప్‌టాప్‌లో వెతకొద్దు, ఎవరికీ రాయొద్దు. స్కూలు కంప్యూటర్ వాడుకోండి,” అని రాశాను.

ఆ తర్వాత, “మీరు నన్ను తప్పుగా అనుకోవట్లేదు కదా సార్? మగవాళ్ళతో ఇలాంటివి మాట్లాడటం నాకు అలవాటు లేదు.”

“నేనూ ఆడదాన్నేనమ్మా,” అని రాశాను. “ఈ పేరు కంపెనీది.”

“అవునా అక్కా,” అంది. వెంటనే, “హెడ్మాస్టర్ వస్తున్నారు,” అని వచ్చింది. చాట్ తెగిపోయింది.

గాలి పీల్చుకునే లోపలే గుర్తొచ్చింది. మా దగ్గర ప్రతి చాట్‌నీ ఒక టికెట్ అంటారు. కస్టమర్ వెళ్ళిపోయాక పది నిమిషాల్లో మేం దాన్ని క్లోజ్ చెయ్యాలి. సమస్య తీరింది అనో, తీరలేదు అనో. ఏది నొక్కినా మొత్తం సంభాషణ, మొదటి అక్షరం నుంచి చివరిదాకా, ఖాతాదారుడి మెయిల్‌కి కాపీ వెళ్తుంది. కస్టమర్ల మేలు కోరి పెట్టిన ఏర్పాటు. అంటే ఆ బూట్లు, ఆ ఉద్యోగాల వెతుకులాట, స్కూలు కంప్యూటర్, నా సలహా, అన్నీ నేను ఒక్కటి నొక్కగానే ఆయన ఫోన్‌లో ఉంటాయి.

నొక్కలేదు. ఆ టికెట్‌ని అలాగే వదిలేసి వేరే చాట్‌లు తీసుకున్నాను. ఒకాయన కంప్యూటర్ నెమ్మదించిందన్నాడు, ఇంకొకాయన పాతదానికి కొత్త సిస్టం ఎక్కుతుందా అన్నాడు. జవాబులు చెప్తున్నాను కానీ కళ్ళు తెర మూలనే ఉన్నాయి. పది నిమిషాలకి అక్కడ ఆ టికెట్ గీత పసుపు రంగుకి తిరిగింది, అరగంటకి ఎరుపు. భోజనానికి లేవలేదు. లేస్తే నా సీటు దగ్గరికొచ్చి ఎవరైనా మంచి మనసుతో క్లోజ్ చేసేస్తారేమోనని భయం. మేం ఒకరి టికెట్లు ఒకరం అలా మూసిపెట్టుకుంటాం. బాత్రూంకి కూడా వెళ్ళలేదు. కాళ్ళు గట్టిగా దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఎవరామె? ముఖం తెలీదు, పేరు తెలీదు. నేను మొదట నొక్కిన వాక్యంతోనే ఆగిపోయి ఉంటే కాపీ వెళ్ళినా ఇంత ప్రమాదం ఉండేది కాదేమో. మేలు చెయ్యబోయి ఆమె మెడకి దీన్ని నేనే చుట్టానా? ఒకవేళ క్లోజ్ చెయ్యకపోయినా సాయంత్రానికి కాపీ దానంతట అదే వెళ్తుందా? ఆరేళ్ళుగా చేస్తున్న పని, ఈ ఒక్క సంగతీ ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు.

రెండున్నరకి టీం లీడర్ వచ్చాడు. “అక్కా, రెండు గంటలు దాటింది, ఒకటి ఇంకా ఎర్రగానే ఉంది. పైనుంచి ఫోన్ చేస్తున్నారు. క్లోజ్ చెయ్యి.”

“చేస్తే కాపీ ఆయనకి వెళ్తుంది.”

“ఎవరికి?”

చెప్పాను. నిలబడి చదివాడు. చదువుతున్నంతసేపూ పెదవి కొరుక్కున్నాడు. చెడ్డవాడు కాదు. వాళ్ళక్క పెళ్ళికి మా అందర్నీ పిలిచాడు.

“ఖాతా ఆయనది అక్కా. ఆయన కాపీ ఆయనకి వెళ్తే మనమేం చేస్తాం? మొగుడూ పెళ్ళాల మధ్య మనమెందుకు?”

“మధ్యలో ఉన్నాం కదా. ఆ ఫోటోలు తీసేది మన సరుకే.”

“నువ్వలా మాట్లాడితే నేనేం చెప్పను?” గొంతు తగ్గించాడు. “పావుగంట. తర్వాత నేనే నా సీటు నుంచి క్లోజ్ చేస్తాను. నన్ను తిట్టుకోకు.”

మూడో దారి ఒకటుంది. కొత్తగా చేరినవాళ్ళు తమలో తాము చాట్ చేసి పని నేర్చుకుంటారు. వాటిని ‘సిబ్బంది పరీక్ష’ అని క్లోజ్ చేస్తారు. వాటికి కాపీ వెళ్ళదు, మాటలన్నీ చెరిగిపోతాయి, చేసిన ఉద్యోగి పేరు మాత్రం పైకి వెళ్తుంది. నిజమైన కస్టమర్ విషయంలో అది వాడితే రాతపూర్వకంగా సంజాయిషీ, ఇంకోసారి వాడితే ఉద్యోగం లేదు. ఇది మాకు మొదటి రోజే సంతకం పెట్టించుకుని చెప్తారు.

దాన్ని నొక్కాను. ‘ఖచ్చితమేనా?’ అని అడిగింది. నా ఉద్యోగం, ఇంటి ఖర్చులు, మా ఆయన ముఖం, అన్నీ ఒకేసారి కళ్ళ ముందు తిరిగాయి. అవునని నొక్కాను. ఎర్ర గీత మాయమైంది. లేచి బాత్రూంకి పరిగెత్తాను. అక్కడ నీళ్ళు వదిలి కాసేపు నిలబడ్డాను.

తిరిగొచ్చేసరికి టీం లీడర్ నా కుర్చీ దగ్గరున్నాడు. “సాయంత్రం లోపల మెయిల్ వస్తుందక్కా. ఎందుకు చేశావో రాయాలి. పొరపాటున చెయ్యి జారిందని రాసెయ్. వదిలేస్తారు,” అన్నాడు. నిజంగా నా మంచి కోరే అన్నాడు.

నాలుగింటికి బయటపడి ఇంటికి నడుస్తూ అదే ఆలోచించాను. చెయ్యి జారిందని రాయాలా? రాస్తే ఉద్యోగం నిలుస్తుంది. కానీ రేపు ఇంకొకామె అరచేతి మీద నంబరు రాసుకుని వస్తే, పక్క సీటులో పిల్ల రూలు ప్రకారం క్లోజ్ చేస్తుంది. కాపీ వెళ్తుంది. ఆ ఏర్పాటు అలా ఉందని పైవాళ్ళకి చెప్పేదెవరు? అసలు ఈ సంగతి ఇంట్లో చెప్పాలా వద్దా అని ఇంకో పక్క. ఊరివాళ్ళ గొడవ నీకెందుకంటారు మా ఆయన. మీరైతే అలా చేస్తారా అని అడగాలనిపించింది. అడిగితే నొచ్చుకుంటారు. ఏనాడూ నా ఫోన్ ముట్టుకున్న మనిషి కాదు. ఆయన్ని అనుమానించే హక్కు నాకేముందని నన్ను నేనే తిట్టుకున్నాను. వీధి మలుపులో ఆగి మెయిల్ చూసుకుందామంటే నా ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది.

తలుపు తీసేసరికి అన్నదమ్ములు పొద్దుటి చోటే ఉన్నారు. మధ్యాహ్నం తిన్న కంచాలు బల్ల మీదే ఎండిపోతున్నాయి. నన్ను చూడగానే మా ఆయన లేచి కుర్చీ జరిపారు.

“రా, కూర్చో. కంగారు పడకు. మీ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది, చూశాను.”

“నా మెయిల్ మీరెలా చూశారు?”

“పోయినేడు నీ ఫోన్ పాడైనప్పుడు నా దాంట్లో పెట్టాం కదా. అప్పట్నుంచీ వస్తూనే ఉంటాయి. రోజూ చూస్తాను, నువ్వేదైనా మర్చిపోతావేమోనని.” నా భుజం మీద చెయ్యి వేశారు. “ఏదో తప్పు మీట నొక్కావట కదా? దానికింత ముఖం వేలాడేసుకోవాలా? నీ తరఫున క్షమాపణ చెప్పి జవాబు కూడా పంపించేశాను. ఇంక నిశ్చింతగా ఉండు.”

మా మరిది అన్నాడు, “అన్నయ్య బాగా రాశాడు వదినా. అచ్చం నువ్వు రాసినట్టే ఉంది.”

ఆయన చేతి కింద నా భుజం చల్లబడిపోయింది. ఎవరిమీదా కోపం రాలేదు. ఏడాదిపాటు నేను మా అక్కకి రాసిన ఉత్తరాలు, డాక్టరుకి రాసినవి, రాసి పంపకుండా దాచుకున్నవి, ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అవన్నీ ఈ మంచి మనిషి చదివి, తిరిగి మడిచిపెట్టి, నాతో భోజనం చేశాడు.

“ఆ లాప్‌టాప్ ఒకసారి ఇస్తారా?” అన్నాను.

“టీ తాగి చూసుకుందువు గాని.”

“ఇప్పుడే కావాలి.”

మా మరిది ఇటు తిప్పాడు. నా మెయిల్ తెరిచాను. పంపినవాటిలో పైన ఆయన రాసింది ఉంది. ‘ఇంటి పని ఒత్తిడిలో నా అజాగ్రత్త వల్ల జరిగిన పొరపాటుకి క్షమించండి, ఇకపై జాగ్రత్తగా ఉంటాను’ అని, కింద నా పేరు. పూర్తిగా చదివి, పాస్‌వర్డ్ మార్చాను. అన్ని పరికరాల నుంచీ బయటికి రమ్మని నొక్కాను.

బల్ల మీద ఆయన ఫోన్ గుర్రుమంది. తీసి చూశారు.

“ఇదేంటి, మెయిల్ పోయింది? పాస్‌వర్డ్ అడుగుతోంది.” తమ్ముడి వైపు ఫోన్ చాపారు. “వైరస్సేమో చూడరా.”

“వైరస్ కాదండీ, నేనే,” అన్నాను.

ఇద్దరూ నా వంక చూశారు. నేను తెర వైపు తిరిగి ఆఫీసుకి రాయడం మొదలుపెట్టాను.

‘ఇందాక నా పేరుతో మీకు వచ్చిన ఉత్తరం నేను రాసింది కాదు. ఆ టికెట్ నేను తెలిసే అలా క్లోజ్ చేశాను. ఎందుకో చెప్తాను.’