పేరు కొట్టించిన గ్లాసు

గిన్నె చుట్టూ పీచు తిప్పుతుంటే రూతు బొటనవేలు మళ్లీ ఆ గరుకు చుక్కల మీద ఆగింది. ఆమె అంట్లు తోమే ఇళ్లలో ప్రతి గిన్నె మీదా ఎవరిదో ఒక పేరుంటుంది. పెళ్లికి కానుక ఇచ్చేవాళ్లు స్టీలు సామాన్ల దుకాణంలో తమ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి ఇస్తారు. చదవడం రాకపోయినా ఆ పేర్లు ఆమె వేళ్లకు తెలుసు. కొన్ని పొడుగువి, కొన్ని పొట్టివి. బూడిదకు ఒరిసి వేళ్ల చివర్లు పగిలాయి. నిన్నటి నుంచి ఎడమ రొమ్ము కింద ఏదో పట్టేసినట్టుంది. వంగితే ఊపిరి సగంలో ఆగుతోంది.

"రూతవ్వా, చాయ్!"

కొత్త కోడలు దీపిక గడపలో నిలబడి నవ్వింది. చేతుల మీద పెళ్లి గోరింటాకు ఇంకా పూర్తిగా వెలవలేదు. ఈ ఇంట్లో ఆమెను ఆ పేరుతో పిలిచేది దీపిక ఒక్కతే.

రూతు తల్లికి ముందు పుట్టిన పిల్లలంతా పురిట్లోనే పోయారు. అందుకని ఈమె పుట్టగానే మేనత్త చాటలో వేసి, ఇంటి వెనక పెంటకుప్ప మీద పడుకోబెట్టింది. చావు కూడా చీదరించుకుని వదిలేయాలని పెంటవ్వ అని పేరు పెట్టారు. బతికింది. కట్టుకున్నవాడు ముక్కు మూసుకుని ఆ పేరు పిలిచి నవ్వేవాడు. కొన్నాళ్లకు వదిలేశాడు. అప్పటి నుంచి మెట్‌పల్లిలో తమ్ముడు బుచ్చిరాములు ఇంట్లోనే ఉంటోంది.

పోయిన ఎండాకాలం పాస్టరయ్య ఆమెను కాలువ నీళ్లలో ముంచి లేపి, "రూతూ" అన్నాడు. ముక్కులో నీళ్లు, కళ్లలో ఎండ. ఎవరిని పిలుస్తున్నాడోనని ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఆ రోజు నుంచి పనిలో తనను తానే పిలుచుకుంటోంది. రూతూ, నీళ్లు పొయ్యి. రూతూ, జర కూసో.

చాయ్ తాగి, వెనకగోడ గూట్లో విడిగా ఉంచే పనిమనిషి గ్లాసును తిప్పి చూసింది. "కారుతుంది బిడ్డా. కొత్తది నేనే తెచ్చుకుంట."

స్టీలు సామాన్ల దుకాణంలో ఫజలుద్దీన్ కొత్త గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. "ఏం పేరు కొట్టాలె అవ్వా?"

"రూతు."

"ఎవ్వలికి ఇస్తున్నవ్?"

"నాకే."

"నీకు నువ్వే కానుక ఇచ్చుకుంటున్నవా!" నవ్వుతూ మిషను పెట్టాడు. చుక్కలు పడుతున్నంతసేపూ ఆమె ఊపిరి బిగబట్టింది. "గింత చిన్న పేరా?" అన్నాడు.

"చిన్నదైతే మర్చిపోరు" అంది.

మధ్యాహ్నం ఇంట్లో అన్నాల దగ్గర తమ్ముడి భార్య రామవ్వ గ్లాసు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "గా పేరు ఇడ్సిపెట్టు వదినె. మంచి పేరు వెట్టుకుంటే సావు కంట్ల వడ్తవ్."

"తమ్మీ" అంది రూతు. "నేను పోతే మా పాస్టరయ్యను పిలువు. రూతు అని పిలిచి మన్ను వొయ్యున్రి. గంతే అడుగుత."

బుచ్చిరాములు చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఊకో అక్కా. గట్లనకు."

సరే అనలేదు. అతని కళ్లలో కోపం లేదు, భయం ఉంది. కోపమైతే పోట్లాడేది. భయాన్ని ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం దీపిక కొత్త గ్లాసులో చాయ్ పోసి, అక్షరాల మీద వేలు తిప్పింది. "అబ్బ, ఎంత ముద్దుగున్నదో! నా గిన్నెల మీద అందరి పేర్లున్నయ్ గని నా పేరే లేదవ్వా."

ఆమె పగలబడి నవ్వితే రూతుకూ నవ్వొచ్చింది. అంతలో లోపలి నుంచి అత్త మమతారాణి కేకేసింది. "పెంటవ్వా, కూర గంజు అడుగు మాడింది. జర గట్టిగ తోము."

"తోముతున్నమ్మా."

తోమింది. చివరికి తన గ్లాసూ బూడిదతో తోమి కడిగి గూట్లో బోర్లించి, నల్లా పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. కునుకు తీస్తోందనుకుంది దీపిక. బకెట్టు నిండి నీళ్లు పాదాల మీదుగా పారుతున్నా ఆమె కాళ్లు ముడుచుకోలేదు.

మర్నాడు తమ్ముడి ఇంటి వాకిట్లోకి పాస్టరయ్య రాబోతే బుచ్చిరాములు అడ్డంగా నిలబడి రెండు చేతులూ జోడించాడు. "దండం వెడ్త, పోన్రయ్యా. గా పేరు వెట్టవట్టే మా అక్కను సావు గుర్తువట్టింది." చెప్తూనే ఏడ్చేశాడు. పాస్టరయ్య వీధిలోనే నిలబడిపోయాడు. లోపల ఆడవాళ్లు పెంటవ్వా, పెంటవ్వా అని శోకాలు పెడుతున్నారు. ఒక్కసారి ఆ రెండో పేరు పిలవాలని దీపిక నోరు తెరిచింది. మోచేతి మీద అత్త చెయ్యి బిగుసుకుంది. పాడె లేచింది.

ఆ వారంలోనే పనికి కొత్తామె కుదిరింది. "గా గూట్లె గ్లాసున్నది, చాయ్‌కి తీస్కో" అంది మమతారాణి. దీపిక చాయ్ గిన్నె పట్టుకుని గడపలోనే నిలబడింది. గూట్లో బోర్లించిన గ్లాసు మీద అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. చుక్కల్లో ఇరుక్కున్న బూడిద ఇంకా తెల్లగానే ఉంది.