తుడిచివేసిన మచ్చ

కార్తికమాసమున వానలు వెనుదీసిన పిమ్మట గౌతమీనది యెర్రదనమును విడిచి నిర్మలాకాశమును దనలో నిలుపుకొని యేమియు నెరుగనిదానివలె మందగమనమున బారుచుండెను. ఇసుకతిన్నెలపై రెల్లుపూలు వెల్లగా విరిసి గాలికి దలలూపుచుండెను. రెండుమాసములకు బూర్వ మీ ప్రవాహమే రొయ్యల కర్మాగారమునుండి మరలివచ్చుచున్న పదునొకండుగురు స్త్రీలతో నాటుపడవను బోర్లద్రోసెననియు వారిలో నొక్కతె యింతవరకు నిల్లు చేరలేదనియు నా మధ్యాహ్నపు వెలుగును జూచినవా రెవ్వరును నమ్మజాలరు.

ఆ తీరమందలి పట్టణమున ముప్పదియేండ్లుగా ఫొటో స్టూడియో నడుపుచున్న గొర్తి విరూపాక్షము యౌవనమున జీకటిగదిలో రసాయనజలమున మునిగిన తెల్లకాగితముపై మొదట కన్నులును బిదప పెదవులును దమంత దామై తేలివచ్చుటను జూచి యొడలు గగుర్పొడువ నా యద్భుతమునకే జీవితము నర్పించినవాడు. నాడు రీలునకు ముప్పదియారు చిత్రములే యగుటచే మీట నొక్కుటకు ముందు ముఖమును జదివెడివాడు. డిజిటల్ కెమెరా వచ్చిన పిదప నూరు తీసి తొంబదితొమ్మిదింటిని బారవైచుట యలవాటయ్యెను. చూచెడి పని కంటినుండి కంప్యూటరునకు మారెను. కళ యన నిక దిద్దుటయే యని యాతడు తనకు దాను జెప్పుకొనెను. మొటిమలను మచ్చలను ముడుతలను దుడిచివైచి తుడిచిన చిత్రమునే దాచి మూలచిత్రమును స్థలము చాలదని తొలగించుట యాతని నిత్యవిధి యయ్యెను.

ఇల్లు చేరని యా యొక్కతె గంగాభవాని. తన యిరువదియవ పుట్టినరోజున నాతనికడ ఫొటో తీయించుకొనెను. చిన్ననాడు తెడ్డు తగిలి యామె యెడమకనుబొమపై నొక మచ్చ నిలిచియుండెను. దానిని దీసివేయుమని యామె యడుగలేదు. చిత్రమును జేతికిచ్చినపు డామె విస్తుపోయి నవ్వెను.

"ఎవరండీ ఈవిడ? మా ఇంట్లో ఇంత అందగత్తె లేదండి!"

"నువ్వేనమ్మా. కాస్త కడిగానంతే."

"ఇంకాస్త కడిగితే నన్ను మా అమ్మ గుమ్మంలోకి రానివ్వదండి!"

పడవ మునిగిన పిదప 'కనబడుట లేదు' అను ప్రకటనపై నదీతీరమందలి యన్ని ఠాణాలకును బోయినది యా చిత్రమే.

ఆ మధ్యాహ్నము గంగాభవాని తల్లి కామాడి మంగాయమ్మ స్టూడియో మెట్టుపై నిలిచి లోనికి రాక పలికెను.

"బాబుగారూ, మచ్చున్న ఫొటో ఒకటిప్పించండి."

"ఏ మచ్చమ్మా?"

"మా పాప కనుబొమ్మ మీదదండి. దిగువ ఠాణా కాడ అప్పట్లోనే ఓ ఆడమనిషి ఒడ్డుకి కొట్టుకొచ్చిందంట. నీళ్లలో నాని మొకం పోల్చలేపోయేరంట. మచ్చొకటే మిగిలిందంట. మీ ఫొటో పక్కనెట్టి చూసి, ఈ పిల్లకి మచ్చ లేదు, ఈ పిల్ల కాదనేసి, దిక్కులేని శవమని పూడ్చేశారండి. నాకు కబురే లేదు. నిన్న తెలిసి పరిగెత్తాను. మచ్చున్న ఫొటో తెస్తేనే తవ్వడానికి రాస్తామన్నారండి. పాప ఫోను పాపతోనే పోయింది. కార్డు మీది బొమ్మలో మచ్చ కనపడదండి. మీ దగ్గర తప్ప ఎక్కడా లేదండి."

విరూపాక్షము కుర్చీనుండి లేచి బీరువాలోని డిస్కుల నన్నిటిని నొక్కొక్కటిగా దగిలించి వెదకెను. నిర్దోషమై నిష్కళంకమై యొక్కటే ముఖ మన్నిటను నాతని కెదురయ్యెను.

"లేదమ్మా. అసలుది తీసేశాను."

మంగాయమ్మకు గోపము రాకపోవుటయే యాతనికి దుర్భరమయ్యెను. ఆమె లోనికి వచ్చి తెరవంక జూచెను.

"తీసింది మీరే గదండి. మీరే ఎట్టీండి."

ఆతడు కంప్యూటరుముందు గూర్చుండెను. ఉప్పునీటికి జర్మము లేచిన వ్రేలితో నామె తెరపై జూపుచుండ నాతడు గీయదొడగెను.

"ఇంకొంచెం బయటికండి. అంత నలుపు కాదు బాబూ, మానిపోయిన మచ్చండి అది. కొసన రెండుగా చీలుద్ది, పిట్టకాలు లాగ."

ముప్పదియేండ్లలో నే ముఖమును నాతడంత శ్రద్ధతో జూచియుండలేదు. చీలిన కొసను దీర్చినంతనే యామె వ్రేలు నిలిచిపోయెను.

"వచ్చేసిందండి మా పాప," అని యామె నేలపై జదికిలబడెను.

దిగువ ఠాణాలోని యధికారి శవచిత్రమును దీసి దానిప్రక్క నా క్రొత్తచిత్రము నుంచెను. మచ్చయు జీలికయు రెంటను నొక్కటియే. ఆయన తలయెత్తి విరూపాక్షమువంక జూచెను.

"ఇది అసలు ఫొటోయేనా?"

ఔనను నొక్కమాటతో సర్వమును సులభముగ ముగిసియుండెడిది. తల్లికి బిడ్డయు స్టూడియోకు బేరును దక్కెడివి. విరూపాక్ష మా మాటను నాలుకవరకు దెచ్చి మ్రింగెను.

"కాదండి. ఈవిడ చూపిస్తే ఇవాళ నేను గీశాను. ఉన్న మచ్చని అప్పుడు చెరిపింది కూడా నేనే."

"గీసిన బొమ్మ పట్టుకుని తవ్వమంటే నా పై వాళ్లు నన్ను తవ్వుతారు. చెరిపింది మీరేనని రాసి సంతకం పెట్టండి. దాని మీద తవ్వించి ఎముకని డీఎన్ఏ పరీక్షకి పంపిస్తాను. పేపర్లో పడుతుంది మరి, ఊళ్లో మీ దగ్గర ఇంకెవరూ ఫొటో తీయించుకోరు. ఆలోచించుకోండి."

ఆతడు కాగితము నందుకొని వ్రాసెను. వ్రాసినదానిని జదివి యధికారి మరల నాతనిముందుకు ద్రోసెను.

"ఎందుకు చెరిపారో రాయలేదు."

అందమని వ్రాయబోయి మానెను. కళ యని వ్రాయుటకు సిగ్గుపడెను. తుదకు జివరి పంక్తిక్రింద నిట్లు వ్రాసెను: "చెరుపుమని నన్నెవ్వరును గోరలేదు."

"పరీక్షకి తల్లి రక్తం కావాలి," అని యధికారి పలుకుటయే తడవుగా మంగాయమ్మ కొంగు సవరించుకొని మోచేతివరకు గాజులను వెనుకకు ద్రోసి బల్లమీద జేయి చాచెను.

"ఇక్కడ కాదమ్మా. ఆసుపత్రిలో తీస్తారు. కబురు చేస్తాం."

కెమెరా కన్నుగాని దిద్దెడి కంప్యూటరుగాని లేకయే మనుజుని బోల్చు గురుతొకటి యా సన్నని చేతి నరములలో బారుచుండెను. అధికారి కాగితములను మడిచెను, ఇంటికి వెళ్లుమని చెప్పెను. ఆమె చాచిన చేతిని వెనుకకు దీసికొనలేదు.