రాధారాణి మూడెకరాలు

వేడినీళ్లలో కడిగిన ఫ్లాస్కులను ఒక్కొక్కటే వెలుతురుకెత్తి చూసి, ఆరబెట్టే చట్రానికి బోర్లిస్తున్నాడు దామోదర్. అమెరికాలో ప్లెయిన్స్‌బరో దగ్గర మందుల కంపెనీ ల్యాబులో పదిహేనేళ్లుగా అతని పని ఇదే. వేళ్ల చివర్లు ఎప్పుడూ తెల్లగా నాని, ముడతలు పడి ఉంటాయి. మర్నాడు గాజుసామాను పేరుకుపోతే తప్ప, అతను రాలేదన్న సంగతే ఎవరికీ తట్టదు. 1986 సెప్టెంబరులో ఆ రోజు, స్థలం కాగితాల మీద సంతకం పెట్టాలని మధ్యాహ్నం సెలవడిగాడు.

ఆ స్థలం సంగతి తెలిసినవాళ్లందరికీ నవ్వులాటే. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేస్తున్నాయి, బిల్డర్లు గుమ్మం తొక్కుతున్నారు, ఈయన మూడెకరాల్లో కలుపు పెంచుతున్నాడు. ఇప్పుడక్కడ ఎన్నటికీ ఇల్లన్నది లేవకుండా రాసిచ్చేస్తాడట. ఇంటికొచ్చిన లక్ష్మిని కాలదన్నడమంటే ఇదేనని స్నేహితుడు రామమోహన్ మొహం మీదే అన్నాడు. కాకి సంగతి చెబితే ఇంకా నవ్వుతారు.

ఏడేళ్ల కిందట భార్య రాధారాణి పోయినప్పుడు, పదో రోజున అపార్ట్‌మెంట్ వెనక పిండం పెడితే ఒక్క కాకీ వాలలేదు. పోయినవాళ్ల కోరిక మిగిలిపోతే కాకి ముట్టదంటారు. కూతురు రేణుని బాగా చదివిస్తానన్నాడు. మళ్లీ పెళ్లి చేసుకోనన్నాడు. కాకులు చెట్టు దిగలేదు. చివరికి పళ్లెం కార్లో పెట్టుకుని, ఆవిడ ఎప్పుడూ కారాపించి గంగవాయిలి కూర కోసుకునే బీడుకు తీసుకెళ్లాడు. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆ ఆకు కనిపిస్తే ఆవిడ ఏడ్చింది. "ఇక్కడ ఎవర్నీ కట్టనివ్వను రాధా," అన్నాడు. కాకి దిగింది.

అప్పటికి ఆ నేల అతనిది కాదు. ఉన్నదంతా ఊడ్చి కొన్నాడు. అప్పట్నుంచి అక్కడ కారాపినప్పుడల్లా పక్కసీటు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపిస్తుంది. తను పోయాక ఆ మాటెవరు నిలబెడతారన్నదే అతని దిగులు.

బీళ్లను బీళ్లుగానే కాపాడే ట్రస్టు తరఫు లాయరు మరోసారి వివరించాడు. నేల అతనిదే, అమ్ముకోవచ్చు, కూతురికివ్వచ్చు. ఎవరి చేతికెళ్లినా కట్టడానికి మాత్రం హక్కుండదు, ట్రస్టువాళ్లు ఏటా వచ్చి చూసుకుంటారు. కావాలంటే పిల్లల కోసం ఒక మూల ఒక్క ఇంటికి చోటు మినహాయించుకోవచ్చన్నాడు.

పక్కన కూర్చున్న రేణు తండ్రి వైపు తిరిగింది. "ఒక్క కార్నర్ నాన్నా. అమ్మ ప్లేస్‌లో నేను ఉంటే అమ్మకి ప్రాబ్లమా?"

దామోదర్ పెన్ను మూత తీశాడు. ఆ రోజు రాధతో 'ఎవర్నీ కట్టనివ్వను' అన్నాడు గాని, 'రేణుని తప్ప' అనలేదు. "మాటిచ్చానమ్మా," అని సంతకం పెట్టాడు. రేణు వెళ్లొస్తానని కూడా అనకుండా వెళ్లిపోయింది.

సాయంత్రం బీడు దగ్గర కారాపాడు. పక్కసీటు తలుపు చప్పుడు కాలేదు. అతనికి భయమేసింది. "తప్పు చేశానా?" అని అడిగాడు. చెట్ల మీద కాకులు కూడా అరవలేదు. రేణుకి పప్పు చేసి పట్టుకెళదామని గిన్నెడు గంగవాయిలి కోసుకుని, వచ్చి గిన్నె పక్కసీట్లో పెట్టి, తన సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మర్నాడు పొద్దున హద్దులు చూడడానికొచ్చిన ట్రస్టు మనిషి కారు అద్దం తట్టాడు. ఎంత తట్టినా దామోదర్ లేవలేదు.

పదో రోజున రేణు తండ్రి కారు నడుపుకుంటూ వచ్చి అక్కడే పిండం పెట్టింది. కాకులు కొమ్మల మీదే కూర్చున్నాయి. ఏదైనా మాటివ్వమ్మా అన్నాడు తన కార్లో వెంటవచ్చిన రామమోహన్. ఈ ప్లేస్ ఇలాగే ఉంచుతానంది. కాకులు కదల్లేదు. ఆ పని లాయరు ఎప్పుడో చేసిపెట్టాడు మరి.

రేణు గడ్డిలో చతికిలబడింది. "నాకు కోపం లేదు నాన్నా," అంది. గడ్డిపరకొకటి తుంచి, "ఉంది. బట్ పోతుంది," అంది.

ఒక కాకి దిగింది. రేణు కళ్లు తుడుచుకుని కారు దగ్గరికొచ్చింది. పిండం పళ్లెం తీసుకుని తను మూసిన పక్కసీటు తలుపు కాస్త తెరిచి ఉంది. సీటు మీద నాన్న గిన్నెలో, కోసి పది రోజులైనా, గంగవాయిలి ఇంకా వాడలేదు.