నాలుగొందల పన్నెండు

ఆదివారం పదకొండు గంటలకి రేడియో క్లబ్బు గదిలో ఎప్పటి పనే నడుస్తోంది. పళ్ల డాక్టరు మైకు ముందు గొంతు చించుకుంటున్నాడు. పక్కన వాచీలు బాగుచేసే ఆయన హెడ్‌ఫోన్లు పెట్టుకుని లాగ్ పుస్తకం రాస్తున్నాడు. ఊరూరి క్లబ్బుల మధ్య ఏటా జరిగే పోటీ ఇది. ఇరవైనాలుగు గంటల్లో ఎవరు ఎక్కువ స్టేషన్లతో మాట కలిపితే వాళ్లదే కప్పు. పిలవాలి, క్లబ్బు గుర్తు చెప్పాలి, తమ వరుస నంబరు ఇవ్వాలి, వాళ్లది రాసుకోవాలి, సెలవు తీసుకోవాలి. క్షేమసమాచారాలు అడిగే తీరిక ఎవరికీ ఉండదు.

మాట్లాడేవాడి గదిలో గాలి వినేవాడి గదిలోకి వస్తుంది కాబట్టి సభ్యులు స్వెట్టర్లూ విసనకర్రలూ రెండూ తెచ్చుకుంటారు. పొద్దున ఎవరో వడ్రంగి పలికితే రంపపు పొట్టు వాసన వచ్చింది. తర్వాత ఓ మంచుదేశపు ముసలాయన పలికేసరికి టీ చల్లారిపోయింది. ఈ గదిలో సిగరెట్లు మానేసింది కూడా ఆరోగ్యం కోసం కాదు, అవతలివాళ్లు దగ్గుతూ నంబర్లు తప్పు రాసుకుంటున్నారని.

వాచీలాయన భార్య పోయి ఏడాదయింది. ఆయన ఏడవలేదు. కొట్టు తీస్తాడు, కడతాడు, ఎదురుగా పెట్టింది తింటాడు. లోపల మాత్రం ఏమీ లేదు, అంతా మొద్దుబారింది. మైకు వదిలేసి లాగ్ రాతకి దిగాడు. అంకెలు ఎలా ఉన్నావని అడగవు కదా. ఆమె తమ్ముడు ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతాడు, పక్క ఊరి క్లబ్బుకి పెద్ద దిక్కు. మొదట్లో రెండుసార్లు వచ్చాడు. ఇద్దరూ గోడ చూస్తూ కూర్చున్నారు. ఆ తర్వాత రాలేదు. తగాదా ఏమీ లేదు, మాటలు అయిపోయాయి.

పైగా ఈ రెండు క్లబ్బులూ పోటీలో ఒకదాన్నొకటి పిలవవు. పిలిస్తే చెరో పాయింటు వస్తుంది. తనకి రాకపోయినా ఫర్లేదు, పక్కవాడికి మాత్రం రాకూడదన్న ధర్మం ముప్ఫై ఏళ్లుగా రెండు వైపులా నిష్ఠగా నడుస్తోంది.

డాక్టరు మంచినీళ్లకి లేచాడు. వాచీలాయన ఊరికే డయల్ తిప్పుతుంటే బావమరిది గొంతు దొరికింది. ఎవరికో నంబరు ఇస్తున్నాడు, "నాలుగొందల పన్నెండు." ఇంకొకరికి, "నాలుగొందల పన్నెండు." మూడోవాడికీ అదే, నాలుక మడతపడుతూ. వరుస నంబరు ప్రతిసారీ ఒకటి పెరగాలి. నిద్రలో లేపి అడిగినా ఈ లెక్క తప్పే మనిషి కాదు అతను.

వాచీలాయన మైకు నొక్కి తమ క్లబ్బు గుర్తు చెప్పాడు.

డాక్టరు గ్లాసుతో అలాగే నిలబడిపోయాడు. "ఏంటండీ, వాళ్లకి పాయింటు ఇచ్చేస్తున్నారా?"

"బావా, నువ్వా?" అంది అవతలి గొంతు. దాని వెంటే గాలి వచ్చింది, వెచ్చగా, బరువుగా, జనరేటర్ పొగతో. గదిలో ఇద్దరికీ కణతలు అదిరాయి.

"జనరేటర్ ఎక్కడ పెట్టావురా?"

"కరెంటు పోయింది. బయట వాన, లోపలే పెట్టాం. మావాళ్లు భోజనానికి వెళ్లారు."

"ముందు లేచి బయటికి పో."

అతను నవ్వాడు. "నాతో కుర్చీ ఖాళీ చేయిద్దామనా? ఇంకా గంటుంది బావా. లేద్దామన్నా కాళ్లు రావట్లేదులే" అన్నాడు.

డాక్టరు అప్పటికే కిటికీలూ తలుపులూ బార్లా తీసి ఫోన్ పట్టుకున్నాడు. "వాళ్లెవరూ ఎత్తట్లేదు. కారులో వెళ్లినా అరగంట. మీరు మాట్లాడుతూనే ఉండండి. మీ మాట ఆగితే అక్కడికి మంచి గాలి ఆగిపోతుంది."

ఏడాదిగా రోజుకి పది మాటలు దాటని మనిషి. వాన గురించి చెప్పాడు, కారుతున్న కొట్టు పైకప్పు గురించి చెప్పాడు. రెండు నిమిషాల్లో సరుకు అయిపోయింది. మిగిలింది ఒక్కటే, అదే చెప్పాడు.

"ఆస్పత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి ఒక గోడ గడియారం విప్పి కూర్చున్నానురా. రెండే స్క్రూలు, బిగించి వెళ్దామనుకున్నాను. ఒకటి కింద పడింది. దొరికేదాకా వెతికాను. నేను వెళ్లేసరికి మీ అక్క లేదు. ఆ గడియారం బాగా నడుస్తోందని మెచ్చుకున్నారు కూడా. నాకు ఏడ్చే హక్కు లేదురా. వింటున్నావా? విను. పడుకోకు."

కిటికీల్లోంచి వస్తున్న వాన గాలి ఆయన మాటల వెంటే వెళ్లిపోతోంది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. పెళ్లినాటి సంగతి దగ్గర్నుంచి అందుకున్నాడు.

అవతల కుర్చీ పడిన చప్పుడు. ఆయన పెళ్లి భోజనాల దాకా చెప్పుకొచ్చాడు. ఆ పైన దగ్గు.

"తలుపు తీశాను. జనరేటర్ ఆపేశాను. బ్యాటరీ మీద మాట్లాడుతున్నా." ఈసారి వచ్చిన గాలి తడిగా, చల్లగా ఉంది. "బావా, ఆ రోజు నేనూ ఆలస్యంగానే వెళ్లాను. పోస్టర్ల మీద రంగు ఆరాలని కూర్చున్నాను. అక్క పక్కన నువ్వు కనిపించావు. నీ మొహం చూడలేకే మీ ఇంటికి రావడం మానేశాను."

వాచీలాయనకి ఏడుపు వచ్చింది. ఏడాది బాకీ అంతా ఒక్కసారే వచ్చినట్టు భోరుమన్నాడు.

"అక్కడే ఉండు. వస్తున్నాను" అని మైకు వదిలేసి కారు తాళాల కోసం జేబు తడుముకున్నాడు.

పోటీకి ఇంకా నలభై నిమిషాలుంది. డాక్టరు ఆయన చేతిలోంచి తాళాలు తీసుకున్నాడు.

"పదండి, నేను తోలతాను. ఈ కళ్లతో మీకు రోడ్డు కనపడదు."