గాలికి పైకొచ్చే చేప

సముద్రంలో ఎద్దంత చేప వీపు నిమిరిన బొగ్గుబాయి మనిషి మన బెల్లంపల్లిలో నేనొక్కణ్ణే. నమ్మనివాళ్లు వచ్చి ఈ చెయ్యి వాసన చూసుకోవచ్చు.

ఆంధ్రా, తెలంగాణా కలిసిన మరుసటి ఎండాకాలం సంగతి. మా పక్క క్వార్టర్‌లో పేతురు ఉండేవాడు. నాతోపాటే బాయిలో దిగేవాడు. బొగ్గుదుమ్ము వాడి ఊపిరితిత్తులు తినేసింది. వాకిట్లోంచి నల్లా దాకా నడిస్తే కూలబడిపోయేవాడు. వానలు పడేదాకా ఉంటే గొప్ప అన్నాడు డాక్టరు. ఆ రోజుల్లోనే కాకినాడ లారీ డ్రైవరొకడు వాడి చెవిలో ఓ మాట వేశాడు: సముద్రంలో ఒక పెద్ద చేప ఉంది, బతికేది నీళ్లలోనే గానీ ఊపిరికి మాత్రం పైకి రావాల్సిందేనట.

"మన లెక్కనే గదా, సారన్నా! దినమంత కింద, గాలికి మీద. దాన్ని ఒక్కసారి సూడాలె," అన్నాడు పేతురు నాతో.

"బాయి మెట్లే ఎక్కలేవు, సముద్రం యాడ ఎక్కుతవ్‌రా?"

"సముద్రం ఎక్కుడేందే? అది పండుకోనే ఉంటది!"

వాడి భార్య సంతోషమ్మ నవ్వలేదు. "తీస్కపోదామన్నా. గీయన ఇన్నేండ్లల్ల ఏమడిగిండని?"

ఆ డ్రైవరు లారీలోనే బయల్దేరాం. తోడుగా అంకయ్య, ఇంకొందరు బాయివాళ్లు. ఖమ్మం దాటాక డ్రైవరు హారన్ కొట్టడం మానేశాడు. పేతురు దగ్గుకే బండ్లు పక్కకు తప్పుకుంటున్నాయన్నాడు. తీరం వెంట రోడ్డు ఎక్కాక ఉప్పుగాలికి వాడి ముఖం కాస్త తేటపడింది.

రేవులో ఒక పడవవాడు చేపలు తిరిగే చోటికి తీసుకెళ్తానన్నాడు. ఒడ్డు కనుమరుగయ్యాక తెరచాప కొయ్య కిర్రుమంది.

బాయిలో కప్పు కూలకుండా గుంజలు నిలబెడతాం. గుంజ కిర్రుమంటే పైకి చూడకూడదు, ఎవర్నీ అడగకూడదు, పక్కకు దూకాలి. అలా దూకబట్టే మేమంతా బతికున్నాం.

పడవలోనూ దూకాం. అందరం ఒకే పక్కకు.

"కూచోండి బాబూ! కొయ్య ఎప్పుడూ అలాగే మూలుగుద్ది, కూచోండి!" అని పడవవాడు అరుస్తూనే ఉన్నాడు. పడవ ఒరిగింది. నల్లా దాకా నడవలేని పేతురు మా అందరికంటే ముందు దూకాడు. నేరుగా నీళ్లలో పడ్డాడు.

పడవవాడు దూకి, జుట్టు పట్టి లాగాడు. సంతోషమ్మ ఒడిలో తల పెట్టాం. ముక్కులోంచి నీళ్లు, నల్లటి నురగ.

"దమ్ము తీస్కో... జర దమ్ము తీస్కోవయ్యా," అంటూ ఆమె రొమ్ము రుద్దుతోంది.

అప్పుడొచ్చాయి చేపలు. నిగనిగలాడే వీపులు, ఫుస్సుమని గాలి వదులుతూ. నిమిరానన్నాను కదా? ఎక్కడిది! నా చేతులు రెండూ పడవ అంచుకు అతుక్కుపోయాయి. వేళ్లు విడదీయడానికి అంకయ్య కావలసి వచ్చాడు. మీరు వాసన చూసింది నిన్నటి ఎండుచేపల పులుసు.

సంతోషమ్మ భర్త ముఖం నీళ్లవైపు తిప్పింది.

"గదిగో, వచ్చింది. సూడు. గాలికి మీదికొచ్చింది."

పేతురు కళ్లు తెరిచాడు. చూశాడు. చేప ఊపిరి వదిలినప్పుడల్లా తనూ వదిలాడు. ఒడ్డు చేరేసరికి వాడి ఊపిరి ఆగిపోయింది.

వాణ్ణి ఆ ఊళ్లోనే పాతిపెట్టాం. తిరుగుదారిలో సంతోషమ్మ లారీ వెనక కూర్చుని, తడిసిన వాడి చొక్కాను గాలికి పట్టుకుంది.

చేపలు వచ్చాయి. ఆమె ముఖం తిప్పింది, సూడమంది. అదంతా జరిగిందే. వాడు కళ్లు తెరిచాడన్నది మాత్రం నేను కలిపింది.